ఎమ్మెస్సీ (పర్యావరణ శాస్త్రం)

ఎమ్మెస్సీ (పర్యావరణ శాస్త్రం) అనేది గాలి, నీరు, నేల, జీవజాలం మధ్య గల సంబంధాలను, వాటిపై మానవ కార్యకలాపాల ప్రభావాన్ని అధ్యయనం చేసే స్నాతకోత్తర విద్య. భారతదేశంలో ఇది సాధారణంగా నాలుగు సెమిస్టర్లు గల రెండేళ్ళ కోర్సు. తెలుగు రాష్ట్రాలలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనవి ఈ విద్యను అందిస్తున్నాయి.

నేపథ్యం

1972లో స్టాక్‌హోంలో జరిగిన ఐక్యరాజ్య సమితి మానవ పర్యావరణ సదస్సు తరువాత భారతదేశంలో పర్యావరణ చట్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1974లో జల కాలుష్య నివారణ చట్టం, 1981లో వాయు కాలుష్య నివారణ చట్టం, 1984 డిసెంబరు నాటి భోపాల్ విషవాయు దుర్ఘటన తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం అమలులోకి వచ్చాయి. నిర్ణీత పరిశ్రమలు, ప్రాజెక్టులు ముందుగా పర్యావరణ ప్రభావ అంచనా నివేదికను సమర్పించాలనే నిబంధన 1994లో వెలువడింది. దాని స్థానంలో 2006లో కొత్త ప్రకటన వచ్చింది. ఈ చట్టాల అమలుకు నమూనాలు సేకరించి, కొలిచి, ఫలితాలను వ్యాఖ్యానించగల నిపుణులు అవసరమయ్యారు.

పాఠ్యాంశాలు

ఆవరణ శాస్త్రం, పర్యావరణ రసాయన శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, భూవిజ్ఞానం, వాతావరణ శాస్త్రం, గణాంక శాస్త్రం, వ్యర్థాల నిర్వహణ, పర్యావరణ చట్టాలు, దూరగ్రాహక విధానం ముఖ్యమైన పాఠ్యాంశాలు. చివరి సెమిస్టరులో సాధారణంగా ప్రాజెక్టు పని ఉంటుంది.

ఇన్ని శాస్త్రాలు ఒకే కోర్సులో ఎందుకు చేరాయో నీటిలోని ఫ్లోరైడు సమస్య తెలుపుతుంది. ఫ్లోరోసిస్ వ్యాధిని భారతదేశంలో మొదట 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తరువాత నల్గొండ జిల్లా ఈ వ్యాధికి పేరుపడింది. గ్రానైటు వంటి శిలలలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు భూగర్భ జలంలోకి చేరుతుందని భూవిజ్ఞానం చెబుతుంది. కాల్షియం తక్కువగా, బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న నీటిలో అది అధికంగా కరుగుతుందని రసాయన శాస్త్రం వివరిస్తుంది. దంతాలు, ఎముకలు ఎలా దెబ్బతింటాయో తెలిపేది జీవశాస్త్రం. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు; వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన 'నల్గొండ విధానం'లో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, నీటిని తేర్చి, వడగడతారు. పటిక మోతాదును నీటిలోని ఫ్లోరైడును, క్షారతను బట్టి నిర్ణయించాలి. మోతాదు తప్పితే శుద్ధిచేసిన నీటిలో అల్యూమినియం మిగలవచ్చు. అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారవేయాలన్నది మరొక సమస్య. ఒక కాలుష్యాన్ని తొలగించే ప్రయత్నం మరొక కాలుష్యానికి దారితీయకుండా చూడటం ఈ శాస్త్రంలోని ప్రధానాంశాలలో ఒకటి.

ప్రవేశం

విజ్ఞాన శాస్త్రాలలో డిగ్రీ పూర్తిచేసినవారు ఈ కోర్సుకు అర్హులు. డిగ్రీలో ఏయే సబ్జెక్టులు చదివి ఉండాలన్నది విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్ ద్వారా ప్రవేశాలు జరుగుతాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు 2022 నుండి సీయూఈటీ పీజీ పరీక్ష ద్వారా విద్యార్థులను చేర్చుకొంటున్నాయి.

ఎం.టెక్‌తో భేదం

పర్యావరణ శాస్త్రం, పర్యావరణ ఇంజనీరింగ్ ఒకటి కావు. మొదటిది సమస్యను పరిశీలించి, కారణాలను, ప్రభావాలను నిర్ధారిస్తుంది. రెండవది శుద్ధి కేంద్రాలు, పరికరాల రూపకల్పనకు సంబంధించినది. ఈ తేడా ఉద్యోగ అర్హతలలో స్పష్టంగా కనిపిస్తుంది. కాలుష్య నియంత్రణ మండళ్ళలో పర్యావరణ ఇంజనీరు పోస్టులకు ఇంజనీరింగ్ పట్టా అవసరం. ఎమ్మెస్సీ చేసినవారు సాధారణంగా శాస్త్రవేత్త, విశ్లేషకుడు వంటి పోస్టులకు పోటీపడతారు. ఈ సంగతి చదువు ముగిశాక తెలుసుకొని నిరాశపడే విద్యార్థులున్నారు. కావున కోర్సులో చేరడానికి ముందే పాత నియామక ప్రకటనలలోని అర్హతలను పరిశీలించడం మంచిది.

ఉపాధి, ఉన్నత విద్య

నీరు, గాలి పరీక్షించే ప్రయోగశాలలు, పర్యావరణ ప్రభావ అంచనా సంస్థలు, పరిశ్రమలలోని పర్యావరణ విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు ఉపాధి కల్పిస్తాయి. యూజీసీ నెట్ పరీక్షలో పర్యావరణ శాస్త్రం ప్రత్యేక సబ్జెక్టుగా ఉంది. దానిలో ఉత్తీర్ణులైనవారు సహాయ ఆచార్య పదవికి అర్హులౌతారు. గేట్ పరీక్షలో పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగ్ అనే పేపరును 2021లో ప్రవేశపెట్టారు.

సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన ఆదేశం దరిమిలా డిగ్రీ విద్యార్థులందరికీ పర్యావరణ విద్య తప్పనిసరి అయింది. దీనికై విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఆరునెలల పాఠ్యక్రమాన్ని రూపొందించింది. అయితే చాలా కళాశాలలలో ఈ పాఠాన్ని ఇతర సబ్జెక్టుల అధ్యాపకులే చెబుతున్నందువలన, పాఠం తప్పనిసరి అయినంత మాత్రాన ఆ మేరకు అధ్యాపక పోస్టులు ఏర్పడలేదు.

విషయ విస్తృతి ఈ కోర్సుకు బలం. అదే బలహీనత కూడా. అన్నిటినీ కొంత కొంత చదివినవారి కంటే, నీటి విశ్లేషణ, వాయు కాలుష్య నమూనాలు, జీవవైవిధ్య సర్వే, భౌగోళిక సమాచార వ్యవస్థ వంటి ఏదో ఒక అంశంలో నైపుణ్యం సంపాదించినవారికి అవకాశాలు మెరుగుగా ఉంటాయి. ప్రాజెక్టు పనికి ఎంచుకొనే అంశం ఈ దిశలో తొలి మెట్టు. అందువలన కళాశాలను ఎంచుకొనేటప్పుడు ప్రయోగశాలలో ఏ పరికరాలు పనిచేస్తున్నాయో, విద్యార్థులను క్షేత్ర పరిశీలనకు తీసుకువెళుతున్నారో లేదో విచారించుకోవాలి.