మోటారుకారు విద్యుత్తుతో నడచు రేడియో



తుపాను వచ్చినప్పుడు మొట్టమొదట మనలను విడిచిపోవునవి రెండు. ఒకటి విద్యుద్దీపము, రెండవది టెలిఫోను. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన సముద్రము పొంగి దివిసీమపై వచ్చిపడిన దుర్దినమును మీలో పెద్దలు మరచియుండరు. వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. స్తంభములు కూలి, దారులు తెగిపోవుటచే అచ్చటి గ్రామముల దుఃస్థితి వెలుపలివారికి వెంటనే తెలియుటకు మార్గము లేకపోయెను. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు, అంతటి మహానగరములో సైతము విద్యుత్తు నిలిచిపోయి సెల్‌ఫోనులు మూగవోయినవి. కాలము మారినను, సాధనములు పెరిగినను, గాలివానకు మాత్రము మన తీగెలపై కనికరము కలుగలేదు.

ఇట్టి సమయములందు అక్కరకు వచ్చునది అమెచ్యూరు రేడియో. ప్రభుత్వమువారి పరీక్షలో ఉత్తీర్ణులై, లైసెన్సు పొంది, లాభాపేక్ష లేక తమ సొంత యంత్రములతో ఒండొరులతో మాటలాడుకొనువారిని హాములందురు. తీగెలు గాని, గోపురములు గాని వీరికి అవసరము లేదు. ఒక రేడియో, ఒక ఏరియలు, కొంత విద్యుత్తు ఉండిన చాలును. హైదరాబాదులో 1983వ సంవత్సరమున ఇందుకై జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ యేర్పడినది. 2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చిననాడు ఆ సంస్థ పక్షమున పోర్టుబ్లెయరునందున్న హాములు అండమానులలోని వారి క్షేమసమాచారములను ప్రధానభూమికి అందజేసిరి.

నేనును అట్టి లైసెన్సు గలవాడనే. నా కారులో రేడియో నొకదానిని అమర్చుకొనియున్నాను. రేడియో యెంత గొప్పదైనను దానికి ఆహారము విద్యుత్తు. ఊరిలో విద్యుత్తు లేనప్పుడు ఆ ఆహారమును కారు బ్యాటరీనుండి యెట్లు తీసికొనవలయునో, అందు పొంచియున్న అపాయములేవో వివరించుట నేటి నా ప్రసంగవిషయము. మీకు కారు లేకపోవచ్చును. ట్రాక్టరు లేని ఊరు నేడు అరుదు గదా. ఇందు చెప్పబోవు విషయములలో పెక్కులు దానికిని వర్తించును.

పూర్వము ఈ పని మిక్కిలి కష్టముగా నుండెడిది. 1950కి ముందు కారులలో పెక్కింటికి 6 వోల్టుల బ్యాటరీ యుండెడిది. ఆనాటి రేడియోలలోని గాజు వాల్వులకో, 200 వోల్టులు, 300 వోల్టులు కావలసియుండెను. కావున 6 వోల్టులను వందలుగా పెంచుటకు వైబ్రేటరు అను గజగజలాడు మీటను గాని, డైనమోటరు అను తిరుగుడు యంత్రమును గాని వాడెడివారు. 1947వ సంవత్సరాంతమున అమెరికాలో ట్రాన్సిస్టరు కనిపెట్టబడినది. కారులు క్రమముగా 12 వోల్టుల బ్యాటరీకి మారినవి. ఇప్పుడు రేడియోలు నేరుగా కారు బ్యాటరీతోనే నడచునట్లు తయారగుచున్నవి.

కారు బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్క గదిలో సీసపు పలకలు పలుచని గంధకామ్లములో మునిగియుండును. గది యొక్కంటికి రెండు వోల్టులకు కొంచెము పైగా వచ్చుటచే, నిండుగా నున్న బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడచునప్పుడు ఆల్టర్నేటరు అను యంత్రము బ్యాటరీకి తిరిగి శక్తి నింపుచుండును. అప్పుడది 13.8 మొదలు 14.4 వోల్టుల వరకు చూపును. అందుచేతనే రేడియో తయారుచేయువారు 13.8 వోల్టులను ప్రమాణముగా గైకొని, అంతకు నూటికి 15 పాళ్లు హెచ్చుతగ్గులను సహించునట్లు చేయుదురు. అనగా 11.7 వోల్టులకు తగ్గినచో రేడియో సరిగా పనిచేయునను పూచీ లేదు. ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకొనుడు.

దూరప్రాంతములకు 100 వాట్ల శక్తితో పలుకు రేడియో, ఊరక వినునప్పుడు ఒకటి రెండు ఆంపియర్లు మాత్రమే పుచ్చుకొనును. మాటలాడునప్పుడు మాత్రము 20 ఆంపియర్లు లాగును. అది 270 వాట్లకు పైగా నగును. అందు 100 వాట్లు ఏరియలునకు పోవును. తక్కినది వేడియై పోవును. ఈ 20 ఆంపియర్లే మన చిక్కులన్నింటికిని మూలము.

వోల్టు, ఆంపియరు అను మాటలు మీకు క్రొత్తగా తోచినచో మన పంటకాలువను తలచుకొనుడు. చెరువులోని నీటి మట్టము వోల్టువంటిది. కాలువలో పారు నీటి పరిమాణము ఆంపియరువంటిది. పెద్ద కాలువలో పారవలసిన నీటిని చిన్న బోదెలోనికి త్రోసినచో చివరి మడికి నీరెక్కదు. తీగె విషయమును అంతియే. తీగె సన్నమైనకొలది, పొడవైనకొలది దారిలోనే వోల్టులు తరుగును.

ఒక లెక్క చూతము. బ్యాటరీనుండి రేడియోకు నాలుగు మీటర్ల దూరమనుకొందము. పోవుటకు నాలుగు, మరలివచ్చుటకు నాలుగు, వెరసి ఎనిమిది మీటర్ల రాగితీగె. తీగె మందము 1 చదరపు మిల్లీమీటరైనచో 20 ఆంపియర్లకు సుమారు 2.75 వోల్టులు దారిలోనే నశించును. 12.6 వోల్టులున్న బ్యాటరీనుండి రేడియోకు చేరునది పది వోల్టులు కూడ కాదు. మాట వంకరలు పోవును, లేదా రేడియో ఆరిపోవును. అదే తీగె 2.5 చదరపు మిల్లీమీటర్లదైనచో నష్టము 1.1 వోల్టు. 6 చదరపు మిల్లీమీటర్లదైనచో అర వోల్టుకంటె తక్కువ. భారము పడినప్పుడు బ్యాటరీ వోల్టులును కొంత తగ్గును గనుక, ఈ మూడవ తీగెయే మనకు తగినది. తీగెకు పెట్టు నాలుగు రూపాయలలో పిసినితనము పనికిరాదు.

కారులో చుట్ట వెలిగించుకొను రంధ్రమొకటి యున్నది గదా, దానినుండియే తీసికొనరాదా యని కొందరడుగుదురు. దాని తీగె సన్ననిది. దాని ఫ్యూజు సాధారణముగా 10 మొదలు 20 ఆంపియర్లకు మించదు. పైగా అందలి స్పర్శ గట్టిది కాదు. చేతిలో ఇముడు 5 వాట్ల చిన్న రేడియోకు అది చాలును. 100 వాట్ల రేడియోను దానికి తగిలించుట లేగదూడకు కాడి కట్టుటయే. కావున పెద్ద రేడియోకు బ్యాటరీనుండియే ప్రత్యేకముగా తీగెలు తీసికొనవలెను.

ఇక ఫ్యూజు సంగతి. ఇది ముఖ్యాతిముఖ్యమైనది. కారు బ్యాటరీ 12 వోల్టులదే గనుక ముట్టుకొన్నచో షాకు కొట్టదు. అంతమాత్రమున అది సాధుజంతువని భ్రమపడరాదు. దాని రెండు కొనలు తీగెతో కలిసిపోయినచో వందలకొలది ఆంపియర్లు ఒక్క పెట్టున ప్రవహించును. తీగె ఎఱ్ఱగా కాలి, పైతొడుగు మండి, కారంతయు నంటుకొనును. ఇంజను గదినుండి లోపలికి తీగె పోవుచోట ఇనుపరేకు అంచు దానిని నిత్యము కోయుచుండును. ఎప్పుడో ఒకనాడు తొడుగు తెగును. కావున రంధ్రమునకు రబ్బరు కట్టు వేయవలెను. ధనతీగెపై ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరములోనే యుండవలెను. నా కారునకు మొదట తీగె వేసిన పనివాడు ఫ్యూజును రేడియో ప్రక్కన అమర్చెను. చూచుటకు సుఖముగానే యుండెను. కాని ఫ్యూజు రక్షించునది దాని తరువాతనున్న తీగెను మాత్రమే. బ్యాటరీకిని ఫ్యూజునకును నడుమనున్న నాలుగు మీటర్ల తీగెకు రక్షణ యేది? తూము కాలువ మొదట నుండవలెను గాని చివర నుండినచో గండి నాపగలదా? నాడే దానిని మార్పించితిని. 20 ఆంపియర్లు పుచ్చుకొను రేడియోకు, 6 చదరపు మిల్లీమీటర్ల తీగెకు, 25 లేక 30 ఆంపియర్ల ఫ్యూజు తగియుండును.

ఋణతీగె విషయమై అభిప్రాయభేదము కలదు. పూర్వము దానినికూడ బ్యాటరీ కొనకే కట్టి, దానిపై మరియొక ఫ్యూజు వేసెడివారు. ఇంజనునకును బ్యాటరీకిని నడుమనున్న పెద్ద పట్టీ తెగినచో, ఇంజను త్రిప్పుటకు కావలసిన ప్రవాహమంతయు రేడియో తీగెగుండా పరుగెత్తుననుట దానికి కారణము. నేటి కారులలో పెక్కింటికి ఋణకొనయందు బ్యాటరీ స్థితిని కొలుచు పరికరమొకటి యుండును. తీగెను నేరుగా ఆ కొనకే కట్టినచో దాని లెక్క తప్పును. కావున క్రొత్త కారులలో బ్యాటరీ పట్టీ కారు దేహమును కలియు బోల్టునొద్దనే ఋణతీగెను బిగించుట మేలు. అచ్చటి రంగును గీచివేసి, లోహము లోహమును తాకునట్లు చేయవలెను.

ఇట్లు చేసినను ఒక్కొక్కప్పుడు రేడియోలో ఈలవంటి ధ్వని వినబడును. ఇంజను వేగము పెరిగినకొలది ఈల స్వరమును పెరుగును. అది ఆల్టర్నేటరు చేయు అల్లరి. టపటపమను శబ్దము పెట్రోలు ఇంజనులోని స్పార్కు ప్లగ్గులనుండి వచ్చును. డీజిలు ఇంజనునకు ఆ ప్లగ్గులుండవు గనుక ఆ బాధ లేదు. రెండు తీగెలను పెనవేసి ప్రక్కప్రక్కనే నడపుట, ఫెరైటు అను నల్లని ఉంగరములలో వానిని చుట్టుట, బానెటును తలుపులను దేహముతో పట్టీలచే కలుపుట దీనికి మందులు.

ఇప్పుడు తుపాను రాత్రికి వత్తము. ఇంజను ఆపి, బ్యాటరీతోనే పనిచేయుచున్నామనుకొందము. గంటలో పావుగంట మాటలాడి, తక్కిన ముప్పాతిక గంట వినుచున్నచో ఎంత ఖర్చగును? మాటలాడునప్పుడు స్వరము హెచ్చుతగ్గుల ననుసరించి సగటున 10 ఆంపియర్లు పోవుననుకొన్నచో పావుగంటకు 2.5 ఆంపియరు గంటలు. వినుటకు సుమారు 1.1. వెరసి గంటకు 3.6. కారు బ్యాటరీ 45 ఆంపియరు గంటలదైనచో అందు మూడవవంతుకు మించి వాడరాదు. అనగా 15. అది నాలుగు గంటలకు సరిపోవును. అటుపైన వాడినచో ఇంజను కదలకపోవచ్చును. నడిరాత్రి నీరు చుట్టుముట్టగా కారు కదలక, రేడియో పలుకక కూర్చుండుటకంటె ఆపద వేరొకటి యున్నదా? కావున రెండు మూడు గంటల కొకసారి ఇంజను నడపి శక్తి నింపుకొనవలెను. ఇంజనును త్రిప్పునప్పుడు రేడియోను ఆపివేయవలెను. ఆ క్షణమున వోల్టులు మిక్కిలి చలించును.

పొదుపునకు మరియొక మార్గము కలదు. 100 వాట్లకు బదులు 25 వాట్లతో పలికినను అవతలివారి కొలబద్దపై గట్టిదనము ఒక్క మెట్టు మాత్రమే తగ్గును. మాట తెలియుచున్నంతవరకు తక్కువ శక్తితోనే పలుకుట బుద్ధిమంతుల లక్షణము.

మూడు హెచ్చరికలు. మూసిన కొట్టములో గాని, పొగగొట్టము బురదలో మునిగియుండగా గాని ఇంజను నడపరాదు. కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వాసన లేకుండనే ప్రాణము తీయును. బ్యాటరీ నిండునప్పుడు మండు వాయువు వెలువడును గనుక దాని దరి చుట్ట, దీపము పనికిరావు. తీగెలు విప్పునప్పుడు మొదట ఋణకొనను, బిగించునప్పుడు కడపట ఋణకొనను ముట్టవలెను.

లారీలకును పెద్ద బస్సులకును సాధారణముగా 24 వోల్టులుండును. దానికి ఈ రేడియోను తగిలించినచో నిమిషములో కాలిపోవును. రెండు బ్యాటరీలలో ఒక్కదానినుండి తీసికొందమనుటయు తప్పే. ఒకటి క్షీణించి, రెండవది పొంగి, రెండును చెడును. 24ను 12గా మార్చు పరికరమును వాడవలెను. విద్యుత్కారులలో సైతము చిన్న 12 వోల్టుల బ్యాటరీ యుండును. అందలి నారింజరంగు తీగెలను మాత్రము ఎన్నడును తాకరాదు. అవి వందల వోల్టులను మోయుచుండును. ట్రాక్టరుకో, 12 వోల్టుల బ్యాటరీయే. తరచుగా కారుదానికంటె పెద్దది. కనుక ఆపత్సమయమున అదియే మన ఊరి విద్యుత్కేంద్రము కాగలదు.

గ్రామపెద్దలైన మీకు నా మనవి యిది. తుపాను హెచ్చరిక వినగానే ఊరిలోని ట్రాక్టరు బ్యాటరీని పరీక్షింపుడు; డీజిలు నింపి, మెట్టమీద నిలుపుడు. రేడియోతో ఎవరైన వచ్చినచో వారికి ఎత్తైన తడిలేని చోటు చూపుడు. పంపవలసిన వార్తలను ముందుగానే కాగితముపై వ్రాయింపుడు: ఎందరు చిక్కుకొనిరి, ఎచ్చట, ఏమి కావలెను. పది మాటలలో చెప్పదగినదానిని నూరు మాటలలో చెప్పినచో ఖర్చగునది బ్యాటరీ. ఆ బ్యాటరీలో మిగిలిన ప్రతి ఆంపియరు గంటయు మరియొక ఇంటివారి కేక కావచ్చును.