లైసెన్సు తగాదాలో పుట్టిన కాపలా

2001 మే నెలాఖరున ఓపెన్‌బీఎస్‌డీకి ఉన్నట్టుండి ఫైర్‌వాల్ లేకుండా పోయింది. యూనిక్స్ కుటుంబంలో భద్రతకు పేరుమోసిన ఆపరేటింగ్ సిస్టమ్ అది. ఫైర్‌వాల్‌ని హ్యాకర్లెవరూ పడగొట్టలేదు, ఆ ప్రాజెక్టు పెద్ద థియో డి రాట్ తానే పీకి పారేశాడు. అప్పటిదాకా అందులో ఉన్నది ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ డారెన్ రీడ్ రాసిన ఐపీఫిల్టర్. దాని సోర్సు కోడు ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు. అయితే మార్పులు చేసి పంచిపెట్టాలంటే మాత్రం తన అనుమతి కావాలని రీడ్ తేల్చి చెప్పాడు. మార్చి పంచే హక్కు లేని కోడు తమకు అక్కర్లేదన్నాడు డి రాట్. ఎవరూ వెనక్కి తగ్గలేదు.

నెల తిరక్కముందే, జూన్ 24న, స్విట్జర్లాండ్‌కు చెందిన డేనియల్ హార్ట్‌మైయర్ కొత్త ఫిల్టరు తొలి రూపాన్ని ఓపెన్‌బీఎస్‌డీలో చేర్చాడు. పేరు పీఎఫ్. ఉద్యోగుల జీతంలో కోసే పీఎఫ్ కాదు, ప్యాకెట్ ఫిల్టర్. డిసెంబరు 1న 3.0 వెర్షనుతో అది జనం చేతికొచ్చింది. కోడు కొత్తదే అయినా, రూల్స్ రాసే భాషను చాలావరకు ఐపీఫిల్టర్ పద్ధతిలోనే ఉంచారు. తెలివైన పని. అడ్మిన్లు చేతి అలవాటును అంత తేలిగ్గా వదులుకోరు.

నెట్‌లో ఏది పంపినా ముక్కలుగానే వెళుతుంది. ఒక్కో ముక్క ఒక ప్యాకెట్. ఈథర్‌నెట్ మీద అది మామూలుగా 1,500 బైట్లు దాటదు. దాని ముందుభాగంలో ఎక్కడినుంచి, ఎక్కడికి, ఏ ప్రోటోకాల్, ఏ పోర్టు అన్న వివరాలుంటాయి. ఫిల్టరు పోస్ట్‌మన్‌లా కవరు మీద రాసినంతవరకే చదువుతుంది, లోపలి ఉత్తరం జోలికి పోదు. పోర్టులు 0 నుంచి 65535 దాకా ఉన్నాయి. సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌ది 22, మెయిల్‌ది 25, వెబ్‌వి 80, 443.

ఈ ఊహ పీఎఫ్‌తో మొదలైంది కాదు. 1988 నవంబరులో మోరిస్ వర్మ్ అనే, తనంతట తానే పాకే ప్రోగ్రాము ఇంటర్నెట్‌ను కుదిపేసింది. మరుసటి ఏడాదే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న జెఫ్రీ మోగల్ యూనిక్స్ గేట్‌వేల కోసం స్క్రీన్‌డీ అనే ఫిల్టరు గురించి పేపరు సమర్పించాడు. అలాంటి తొలితరం ఫిల్టర్లకు ఉన్న పెద్ద లోటు మతిమరుపు. ఒక ప్యాకెట్‌ను చూసి, వదిలేసి, మరుక్షణం దాన్ని మర్చిపోయేవి. లోపలి మనిషి బయటి సైటు తెరిచాడనుకోండి. జవాబు వచ్చేది అతని కంప్యూటర్ అప్పటికప్పుడు ఎంచుకున్న ఏదో పెద్ద నంబరు పోర్టుకు. అది అడిగి తెప్పించుకున్న జవాబో, పిలవని చొరబాటో ఫిల్టరుకు తెలిసేదెలా? కనెక్షన్ కట్టి నడిచే టీసీపీ ప్రోటోకాల్ ప్యాకెట్లలో ‘ఇది జవాబే’ అనే అక్‌ గుర్తు ఉంటే రానివ్వడం ఒక ఉపాయం. ఆ గుర్తును దొంగ కూడా పెట్టుకోగలడు. కనెక్షన్ కట్టకుండానే ప్యాకెట్లు పంపే యూడీపీలోనైతే ఆ గుర్తే లేదు.

దీనికి విరుగుడు జ్ఞాపకం. చెక్ పాయింట్ సంస్థ ఫైర్‌వాల్ 1994లోనే ఆ దారి పట్టింది, ఐపీఫిల్టర్‌కూ అది వచ్చు. పీఎఫ్ దాన్నే తన ప్రాణంగా చేసుకుంది. కనెక్షన్ మొదటి ప్యాకెట్ రూల్స్ దాటగానే దాని అడ్రసులు, పోర్టులు స్టేట్ టేబుల్‌లో రాసుకుంటుంది. తర్వాతి ప్యాకెట్ వస్తే ముందు ఆ టేబుల్లోనే వెతుకుతుంది. దొరికితే రూల్స్ ముఖం కూడా చూడదు. టీసీపీ వరుస నంబరు ఉండాల్సిన హద్దుల్లో ఉందో లేదో మాత్రం సరిచూస్తుంది. ఇన్ని గుర్తుపెట్టుకుంటే వేగం తగ్గదా అని ఎవరికైనా అనిపిస్తుంది. 2002లో యూసెనిక్స్ సభలో ఇచ్చిన పేపరులో హార్ట్‌మైయర్ దానికి విరుద్ధంగా తేల్చాడు. రూల్స్ ఒక్కొక్కటే చదవడం కంటే టేబుల్లో వెతకడమే చవక. అది సమతూకంగా పేర్చిన చెట్టు కాబట్టి లక్ష ఎంట్రీలున్నా ఇరవై పోలికల చుట్టుపక్కల తేలిపోతుంది. 2007లో వచ్చిన ఓపెన్‌బీఎస్‌డీ 4.1 నుంచి పాస్ రూల్ రాస్తే చాలు, గుర్తుపెట్టుకోమని విడిగా చెప్పనక్కర్లేదు.

పీఎఫ్‌ను సర్వర్ మీద పెట్టడం పెద్ద కష్టమేం కాదు. మొదటి వరుసలో అన్నీ ఆపమని రాస్తారు, కింద 22, 443 లాంటివాటికి దారి ఇస్తారు. లైనక్స్ ఐపీటేబుల్స్ నుంచి వచ్చినవాళ్ళు తడబడేది ఇక్కడే. అక్కడ మొదట సరిపోయిన తీర్పే ఖాయం, పీఎఫ్‌లో చివర సరిపోయినది నెగ్గుతుంది. ‘క్విక్’ అన్న మాట తగిలిస్తే మాత్రం అక్కడికక్కడే తీర్పు. దూరాన ఉన్న సర్వర్‌లో పొరపాటు రూల్ ఎక్కిస్తే మన తలుపు మనకే మూసుకుంటుంది. గమ్మత్తేమిటంటే, పీఎఫ్ అప్పటికే నడుస్తుంటే ఆ సంగతి వెంటనే బయటపడదు. పాత ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ టేబుల్లో భద్రంగా ఉంటుంది గనక పని సాగుతూనే ఉంటుంది, కొత్తగా లాగిన్ కావడానికే వీలుండదు. అందుకే ఉన్న విండో మూయకుండా రెండోదాంట్లో లాగిన్ అయి చూడాలి. కాసేపటికి పీఎఫ్‌ను దానంతట అదే ఆపేసే పనిని ముందే షెడ్యూల్ చేసి ఉంచేవాళ్ళూ ఉన్నారు.

జ్ఞాపకానికీ హద్దుంది. టేబుల్లో ఎంట్రీల పరిమితి చాలా ఏళ్ళు 10,000. దొంగ అడ్రసులతో కనెక్షన్ మొదలుపెట్టే ప్యాకెట్లు కుమ్మరిస్తే టేబుల్ నిండి అసలైనవాళ్ళు బయట మిగిలిపోతారు. అందుకని పీఎఫ్ ముందు తానే టీసీపీ పలకరింపులు పూర్తిచేసి, అవతల నిజంగా ఎవరో ఉన్నారని తేలాకే సర్వర్‌కు కలిపే ఏర్పాటు వచ్చింది. ఒక ఫైర్‌వాల్ చచ్చిపోతే పక్కది పని అందుకునేలా, పీఎఫ్‌సింక్ రెండు యంత్రాల టేబుళ్ళనూ ఒకేలా ఉంచుతుంది. అడ్రసును ఒకదాన్నుంచి మరొకదానికి మార్చే వీఆర్‌ఆర్‌పీ మీద సిస్కో పేటెంటు పేచీ వచ్చింది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు మళ్ళీ అదే మందు వేశారు. సొంతంగా కార్ప్ రాసేసుకుని 2004లో విడుదల చేశారు.

ఆ ఏడాదే పీఎఫ్ ఫ్రీబీఎస్‌డీ 5.3లో చేరింది, 2011లో ఆపిల్ మ్యాక్‌లోకి వెళ్ళింది. ఈలోగా కవరు మీది రాతలే తగ్గిపోతున్నాయి. 2021లో ప్రమాణమైన క్విక్ ప్రోటోకాల్ (రూల్లో రాసే క్విక్‌తో దీనికి సంబంధం లేదు) యూడీపీ మీద నడుస్తుంది, కనెక్షన్ ముగిసిందన్న కబురు కూడా ఎన్‌క్రిప్షన్ లోపలే దాస్తుంది. టీసీపీలోనైతే ముగింపు పీఎఫ్‌కు కనిపిస్తుంది, అందుకే కుదురుకున్న కనెక్షన్ ఎంత మౌనంగా ఉన్నా 24 గంటలు గుర్తుంచుకుంటుంది. యూడీపీలో ఆ వీలు లేదు. ఇరువైపులా మాటలు నడిచాక 60 సెకన్లు ఏ చప్పుడూ లేకపోతే, సెట్టింగులు మార్చనంతవరకు, ఆ ఎంట్రీని చెరిపేస్తుంది.