వానాకాలపు సహ్యాద్రికి ఏ బూట్లు?

ముంబై గ్రాంట్ రోడ్‌లో లోకల్ ఎక్కి దాదర్‌లో సెంట్రల్ లైన్‌కి మారితే మాథేరాన్ కొండకి నేరల్‌లో, కల్సూబాయికి కసారాలో దిగొచ్చు. అలా బయల్దేరే కామాఠిపురా కుర్రకారు బూట్ల కొట్టులో ముందుగా వెతికేది వాటర్‌ప్రూఫ్ అన్న చీటీ. తెలంగాణ నుంచి కూలికి వచ్చిన కామాఠీల పేరుతో వెలసిన పేట అది. అక్కడి చాళ్లలో ఒక జత బూట్ల ధర ఈనాటికీ చిన్న ఖర్చు కాదు. అందుకే గట్టిగా చెబుతున్నాను: జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సహ్యాద్రిలో వాటర్‌ప్రూఫ్ గుణానికి పెట్టే డబ్బు దండగ. చూడాల్సింది సోల్.

వాటర్‌ప్రూఫ్ బూటు లోపల సన్నని పొర ఉంటుంది. 1969లో బాబ్ గోర్ పీటీఎఫ్‌ఈ ప్లాస్టిక్‌ను సాగదీసి ఇలాంటి పొరకు దారి వేశాడు. దాని రంధ్రాల్లో నీటిబొట్టు పట్టదు, చెమట ఆవిరి మాత్రం దూరిపోతుంది. అయితే ఆవిరి బయటికి వెళ్లాలంటే లోపలి ఆవిరి పీడనం బయటికన్నా ఎక్కువ ఉండాలి. 34 డిగ్రీల వేడిలో చెమ్మగిల్లిన పాదం చుట్టూ అది సుమారు 5.3 కిలోపాస్కల్‌లు. 25 డిగ్రీల వేడి, 90 శాతం తేమ ఉన్న వానగాలిలో దాదాపు 2.9. గడ్డకట్టే చలిలోనైతే బయట 0.6 మించదు. అంటే చెమటను లాగే బలం మన వానలోనే తక్కువ. పైబట్ట నానిపోతే ఇంకా తగ్గుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు బూటు పైనున్న నోరు. కాలి వెంట కారే వాన, మోకాలిలోతు వాగు అక్కణ్ణుంచే లోపలికి దిగుతాయి. దిగిన నీటిని ఆ పొరే బయటికి పోనివ్వదు. జాలీబట్ట బూటులోనైతే ప్రతి అడుగుకీ నీరు పిండుకుపోతుంది.

తడి పాదం బొబ్బలెక్కదా అంటారు. ఎక్కుతుంది, కానీ నీళ్లు నిలిచిన బూటులో ఇంకా త్వరగా ఎక్కుతుంది. నూలు మేజోళ్లు మాని ఉన్నివో సింథటిక్‌వో వేసుకుని, పొడి జత ఒకటి సంచిలో పెట్టుకోవడం మేలైన మందు. లెప్టోస్పైరోసిస్ భయం మరింత న్యాయమైనది. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి ఆ క్రిమి పుండ్ల గుండా, నానిన చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. నగరంలో నీరు నిలిచిన గల్లీలకు మోకాలి దాకా వచ్చే గమ్‌బూట్లే సరైనవి. అక్కడ కాపాడేది వాటి ఎత్తు. చీలమండ దగ్గర ఆగిపోయే ట్రెకింగ్ బూటుకి ఆ ఎత్తు లేదు.

ఇక సోల్ సంగతి. సహ్యాద్రి రాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా గడ్డకట్టిన బసాల్ట్; వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లరాయీ ఇదే. వానకు దాని మీద నాచు పడుతుంది. రబ్బరుకీ రాతికీ మధ్య నీటిపొర నిలిస్తే పట్టు పోతుంది. మెత్తని రబ్బరు రాతి గరుకులోకి దిగి పట్టుకుంటుంది. సన్నని గాళ్లు నీటిని పక్కకు తోస్తాయి. మాథేరాన్ ఎర్రమట్టి బురదకి మాత్రం లోతైన, ఎడమెడంగా ఉన్న పళ్లు కావాలి. అవే పళ్లు నున్నని బండ మీద తక్కువ చోటే ఆనుతాయి. కల్సూబాయి ఇనుప నిచ్చెనల మీదా మెత్తని రబ్బరే నయం. దట్టమైన నాచు మీద ఏ సోలూ నిలవదు, అక్కడ దారి మార్చుకోవాలి.

హిమాలయపు మంచులో నడిచేవాళ్లు వాటర్‌ప్రూఫ్ కొనాల్సిందే. అక్కడ తడిసిన వేళ్లు చలికి దెబ్బతింటాయి. మిగిలినవాళ్లు కొట్టులో సోల్‌ని గోటితో నొక్కి చూడండి. గోరు కాస్తైనా దిగకపోతే తడిబండ మీద ఆ జతను నమ్మకండి.