బాలల పోనీస్వారి – తల్లుల గుండెనిబ్బరము

నలచక్రవర్తి యశ్వహృదయ మెఱిగినవాడని భారతమున చదివియుంటిమి. అశ్వహృదయమనగా గుఱ్ఱమును కొట్టి పరుగెత్తించు నేర్పు గాదు; నోరులేని జీవము మనస్సు తెలిసికొని నడపు నేర్పు. ఇంగ్లండు మొదలగు దేశములలో బాలబాలికలకు నీ విద్యనే పోటీల రూపమున నేర్పుచున్నారు. ఆ పోటీల విశేషములను, వానినుండి తల్లులము గ్రహింపదగిన యొక విషయమును నిచ్చట మనవి చేసికొందును.

పోనీ యనగా పొట్టిజాతి గుఱ్ఱము. అంతర్జాతీయ పోటీల నిబంధన ననుసరించి, లాడములు లేకుండ దాని యెత్తు 148 సెంటీమీటర్లకు మించరాదు. స్వారిచేయువారు 12 మొదలు 16 ఏండ్ల వయస్సువారై యుండవలెను. బ్రిటనులో 1929వ సంవత్సరమున స్థాపింపబడిన పోనీ క్లబ్బు ఇంకను చిన్నవారికి సైతము స్వారి నేర్పుచున్నది. గుఱ్ఱమెక్కుట యొక్కటియే గాదు. మేత వేయుట, నీరు పెట్టుట, మేను తోముట, డెక్కలు శుభ్రపఱచుట, సాల యూడ్చుట యన్నియు నచ్చట పాఠములే.

ఈవెంటింగు అనబడు పోటీలో మూడు భాగములు గలవు. మొదటిది డ్రెస్సేజ్, అనగా చదునైన యావరణలో న్యాయనిర్ణేతల యెదుట గుఱ్ఱముచేత క్రమమైన నడకలు నడిపించుట. రెండవది క్రాస్ కంట్రీ. పొలములు, తోపులు, మిట్టపల్లముల మీదుగ సాగు స్వారి. మూడవది తగిలినంతనే పడిపోవు కఱ్ఱలపైనుండి దుముకుట. కొన్ని పోటీలలో కడపటి రెండింటి వరుస మాఱును.

వీనిలో ప్రాణప్రదమైనది క్రాస్ కంట్రీ. అందు దూలములు, కంచెలు, గుంటలు, నీటిమడుగులు అడ్డముగ నుండును. కుడిప్రక్క నెఱ్ఱజెండా, ఎడమప్రక్క తెల్లజెండా నిలిపియుండగా వాని నడుమనుండియే పోవలెను. పోటీకి ముందు బిడ్డ ఆ దారి యంతయు కాలినడకను తిరిగి, ఏ మలుపున కళ్ళెము బిగింపవలెనో, ఎచ్చట వదలవలెనో మనస్సున నిలుపుకొనును. పోనీకి మాత్రము దారి చూపరు. నీరెంత లోతో, దూలమున కావల నేమున్నదో అది యెఱుగదు. వీపుమీది బిడ్డను నమ్మి దుముకును. ఆ నమ్మకమును వమ్ముచేయకుండుటయే యీ విద్య సారము.

పోనీ యడ్డంకి ముందు మొరాయించినచో 20 తప్పుమార్కులు. అచ్చటనే రెండవమాఱు మొరాయించిన 40. మూడవమాఱైన పోటీనుండి తొలగవలసినదే. ఆలస్యమునకు తప్పు వేయుదురు. చిన్నవారి పోటీలు కొన్నింట మితిమీఱిన వేగమునకును వేయుదురు. కొరడా నతిగా వాడినచో శిక్ష గలదు. అలసిన గుఱ్ఱమును తఱుమక నిలిపివేసిన బిడ్డకు బహుమతి రాదు. కాని రౌతు కొలది గుఱ్ఱమని యెఱిగినవారు ఆ బిడ్డనే మెచ్చుకొందురు. ఇక తల్లి త్రాటి కీవల నిలిచి చూడవలసినదే. దారిలో నిట్లు చేయుమని యరచి చెప్పుటయు బయటిసాయమే. దానివలన బిడ్డను పోటీనుండి తొలగింపవచ్చును.

ఇందు ప్రమాదము లేదనుట యసత్యము. 1999వ సంవత్సరమున బ్రిటనులో పెద్దల పోటీలలో పలువురు రౌతులు మరణించిరి. పిమ్మట విచారణ జరిగి జాగ్రత్తలు హెచ్చినవి. తలకు గట్టిటోపి, ఱొమ్మునకు కవచము తప్పనిసరి. గట్టి దెబ్బ తగిలినచో దూలము క్రిందికి జాఱునట్లు కొన్ని యడ్డంకులకు విఱిగెడు మేకు లమర్చుచున్నారు.

ఈ ప్రమాదమును జూపియే స్త్రీలను చిరకాలము దూరముంచిరి. 1964కు ముందు ఒలింపిక్ క్రీడలలో నీ పోటీకి స్త్రీలను రానీయలేదు. అప్పటికే, ఇంగ్లండులోని బాడ్మింటన్ గ్రామమున 1949లో నారంభమైన పోటీలో, 1954లో మార్గరెట్ హఫ్ పురుషుల నోడించి ప్రథమస్థానము పొందియుండెను; షీలా విల్కాక్స్ 1957, 1958, 1959 సంవత్సరములలో వరుసగ గెలిచియుండెను. 1964లో టోక్యోలో అమెరికా వనిత లానా డ్యూపాంట్ గుఱ్ఱముతో రెండుమాఱులు పడియు దారి ముగించి, జట్టుతో రజతపతక మందెను. నేటి నిబంధన ప్రకారము రౌతు ఒక్కమాఱు పడినను పోటీ ముగిసినట్లే. ఇది గుఱ్ఱమునకును మేలే. 2021లో మరల టోక్యోలోనే జర్మనీ వనిత యూలియా క్రయెవ్‌స్కీ ఈ పోటీలో వ్యక్తిగత స్వర్ణము నందిన మొదటి స్త్రీ యయ్యెను. అందే మన బెంగుళూరువాడగు ఫవాద్ మీర్జా 23వ స్థానము పొందెను.

నా సంగతి యొకటి చెప్పి ముగింతును. మా యమ్మాయి సైకిలు నేర్చుకొనెదనని యడిగినప్పుడు, "పడుదువు, వలదు" అని యొక్కమాటతో త్రోసివేసితిని. ఏడాది గడచినది, అది బడికి నడచియే పోవుచున్నది. ఈ పోటీల సంగతి తెలిసికొన్న పిమ్మట నా మాట నాకే తప్పుగ తోచినది. ఆ తల్లులు బిడ్డలను ప్రమాదమునకు వదలివేయుట లేదు. టోపి, కవచము, వయస్సునకు తగిన యడ్డంకి, ముందుగ నడచి చూచిన దారి – ఇన్ని యేర్పఱచి, ఆ తరువాతనే త్రాటి కీవల నిలుచుచున్నారు. నేనో, ఆ యేర్పాట్ల శ్రమకు వెనుదీసి, దానికి ప్రేమయని పేరు పెట్టుకొంటిని.

మొన్న సాయంకాలము ఇద్దఱము బడి వెనుక మైదానమునకు పోతిమి. మొదట గుంటలు చూచుకొనుచు దాని చుట్టును నడచితిమి. పిమ్మట నేను సైకిలు వెనుక పట్టుకొని పరుగెత్తి, కొంతదూరమున చేయి వదలితిని. పది బారలు పోయి పడినది, మోకాలు గీచుకొనినది. నా కాళ్ళు ముందుకు లాగినను నిలిచియుంటిని. తానే లేచి, మట్టి దులుపుకొని, సైకిలు నెత్తి, "అమ్మా, మఱొక్కమాఱు" అనినది.

సోదరీమణులారా, మన బిడ్డలకు గుఱ్ఱములు లేకపోవచ్చును. వారు నేర్వగోరిన దేదియో యొకటి ప్రతి యింటను గలదు. వలదనుటకు ముందు, ఆ దారిని వారితో నొక్కసారి నడచి చూడుడు.