ట్రాలీ నిండితే చాలదు, బరువు తెలియాలి



సెలవుల్లో ఇంటికి వెళ్తే మనలో చాలామందిమి ట్రాక్టరు పనికి పోతాము. "అంచులదాకా నింపండి" అంటే నింపుతాము. ఎంత బరువయిందో అడగము. మేమూ ఏనాడూ అడగలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ట్రాలీ ఆర్.సి.లో, అంటే మనవాళ్లు పిలిచే సి-బుక్కులో, రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఖాళీ బరువు. రెండవది సరుకుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు. రెండవదానిలోంచి మొదటిది తీసివేస్తే వచ్చేదే వేయదగిన లోడు.

మొత్తం 5,000 కిలోలు, ఖాళీ 1,500 కిలోలు అనుకుందాం. మిగిలేది 3,500. 75 కిలోల వడ్ల బస్తాలు 40 వేస్తే 3,000 కిలోలు, భయం లేదు. అదే ట్రాలీలో 100 ఘనపుటడుగుల ఇసుక పోస్తే? అది 2.83 ఘనపు మీటర్లు. పొడి ఇసుకే ఘనపు మీటరుకు దాదాపు 1,600 కిలోలు తూగుతుంది. అంటే సుమారు 4,500 కిలోలు. ఒక టన్ను ఎక్కువ! తడి ఇసుకయితే ఇంకా ఎక్కువ. అనుమానం వస్తే ధర్మకాటా మీద తూకం వేయించాలి.

ట్రాక్టరు లాగగలిగినంత మాత్రాన ఆపగలదని కాదు. అదే వేగంలో బరువు రెట్టింపయితే బ్రేకులు అణచవలసిన శక్తీ రెట్టింపవుతుంది. ట్రాలీకి బ్రేకులు లేకపోతే ఆ భారమంతా ట్రాక్టరుదే. దిగుడులో ట్రాలీయే ట్రాక్టరును నెడుతుంది.

రెండు చక్రాల ట్రాలీలో సరుకు మరీ ముందుకు ఉంటే కొక్కెం మీద భారం పడి ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి. స్టీరింగు తిప్పినా బండి తిరగదు. మరీ వెనక్కి ఉంటే కొక్కేన్ని పైకి ఎత్తుతుంది. పెద్ద చక్రాలకు పట్టు పోతుంది. బరువు ఇరుసుకు కొంచెం ముందుకు ఉండేట్టు సర్దాలి.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000. అయితే పోయేది డబ్బే కాదు. ట్రాలీ సరుకు కోసం, మనుషుల కోసం కాదు. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా లక్ష్మాపురం వద్ద కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆడకూలీలే, మన అమ్మల వంటివారే.

మన ఇళ్లలో చాలాచోట్ల సి-బుక్కు చదవగలిగేది మనమే. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఆ రెండు అంకెలు నాన్నకు చదివి వినిపించండి. మనం నేర్చిన తీసివేత లెక్క ఒక ప్రాణం నిలబెడితే ఆ చదువు ధన్యమైనట్టే.