మీకు జపనీస్ రాకపోయినా, మీ చెవి చాలు



"మా అబ్బాయి ఎన్5 పాసయ్యాడు, మరి జపాన్ వాళ్లతో మాట్లాడగలడా?" మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ మూడు చోట్లా పేరెంట్స్ మీటింగుల్లో వినబడే ప్రశ్న ఇది. సర్టిఫికెట్ చూసి ఆ మాట చెప్పలేం. జేఎల్‌పీటీలో ఎన్5 నుంచి ఎన్1 దాకా ఎక్కడా మాట్లాడే పరీక్ష లేదు. స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా కోసం రాసే జేఎఫ్‌టీ-బేసిక్‌లోనూ లేదు. కాబట్టి నోటికి సాధన విడిగా చేయించాల్సిందే.

మేం చేయించేది షాడోయింగ్. టీచర్ చెప్పి ఆగితే క్లాసంతా అప్పజెప్పడం కాదిది. ఆడియో ఆగదు. పిల్లలు అర సెకను వెనకగా, నీడలా దాని వెంటే మాట్లాడుతూ పోవాలి. టీవీలో పాట వస్తుంటే మనమూ గొంతు కలుపుతాం చూడండి, అలాగ.

తెలుగు పిల్లలకు ఇందులో కొంత కలిసొస్తుంది. 'కలం', 'కాలం' తేడా తెలిసిన నోటికి 'ఒజిసాన్' అంటే మామయ్య, 'ఒజీసాన్' అంటే తాతయ్య అని పలకడం కష్టం కాదు. 2004లో మన తీరాన్నీ తాకిన సునామీ జపనీస్ మాటే. అయితే అక్కడ మొదటి అక్షరం 'సు' కాదు, మనం 'చుక్క' అనేటప్పుడు పలికే 'చు'. నీళ్లను 'మిజు' అంటారు, అది 'రోజు'లోని 'జు'. తడబడేది 'జెంబు' దగ్గర. 'అంతా' అని దాని అర్థం. మన పిల్లలు 'జెండా'లోని 'జె' పలుకుతారు. 'జల్లెడ'లోని 'జ'ను పట్టుకుని దానికే ఎత్వం ఇవ్వాలి.

పుస్తకంలో కనబడనివి ఇంకొన్ని. 'దెసు' అని రాసినా వినబడేది దాదాపు 'దెస్'. టోక్యో మాటలో 'అమె'లో 'అ' పైకి లేస్తే వాన, 'మె' లేస్తే మిఠాయి. వీటిని వింటూ వెంట పలికితేనే పట్టుకోగలరు.

ఇంట్లో రోజుకు పది నిమిషాలు చాలు. జపాన్ ఫౌండేషన్ వారి 'ఇరొదొరి' పాఠాల ఆడియో ఉచితంగా దొరుకుతుంది. అందులో అర నిమిషం సంభాషణ ఒకటి తీసుకోండి. మొదట రెండుసార్లు ఊరికే వినాలి. అర్థం తెలుసుకున్నాక పుస్తకం చూస్తూ, ఆ తర్వాత పుస్తకం మూసి వెంట పలకాలి. వారమంతా అదే ముక్క. మధ్యలో ఆపి సరిదిద్దకండి. నవ్వకండి కూడా, తాతయ్య నవ్వారని మానేసిన పిల్లలున్నారు.

మొదటి రోజుదీ ఏడో రోజుదీ ఫోన్లో రికార్డు చేసి, ఒకదాని తర్వాత ఒకటి వినండి. 'దెస్' దగ్గరా 'జెంబు' దగ్గరా చెవి పెట్టండి. తేడా రాకపోతే ఆ రెండు రికార్డింగులూ మాకు పంపండి.