దయ ఎవరికి, న్యాయం ఎవరికి?

తప్పు చేసిన మనిషిని శిక్షించాలా, క్షమించాలా? రావిశాస్త్రి ఈ ప్రశ్ననే మార్చివేశారని నేననుకుంటాను. విశాఖపట్నంలో వకీలుగా మద్యనిషేధం నాటి సారా కేసుల్ని ఆయన దగ్గరగా ఎరుగుదురు. ‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’లో ముత్యాలమ్మ ముద్దాయి. ఆమె మీద జాలిపడమని కథ మనల్ని అడగదు. సారా కేసుల మీద పోలీసులూ, ప్లీడర్లూ ఎలా బతుకుతున్నారో ఆమె నోటనే చెప్పిస్తుంది. దాంతో బోనులో నిలబడవలసినవాళ్లు పెరుగుతారు.

తప్పులో ఎవరి వాటా ఎంతో తేల్చడం న్యాయం. ఆ లెక్క తేలాక చిన్న వాటాదారు పట్ల చూపేది దయ. లెక్క తేలకముందే పంచే దయ పెద్ద వాటాదారులకే మేలు చేస్తుంది.

ఈ కొలత ఇప్పటికీ పనికివస్తుంది. 2020 మే 7న ఇదే నగరంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. మృతుల కుటుంబాలకు ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ప్రకటించింది. ఆ సాయం అవసరమే. కాని బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

పాఠకుడి చేత కన్నీరు పెట్టించి ఊరుకునే కథ కూడా అలాంటి పరిహారమే. రచయిత అక్కడితో ఆగకూడదు, లెక్క అడగాలి.